పెరుగు తోడుకొనుటలోని శాస్త్రం

గత డిసెంబరులో మా అమ్మగారు దివిసీమ నుండి బెంజ్ సర్కిల్ సమీపంలోని మా ఇంటికి వచ్చారు. ఎనభై ఏళ్లు దాటిన ఆమెకు పెరుగన్నమే ముఖ్యాహారం. నేను తోడుపెట్టిన పెరుగు వరుసగా మూడు రోజులు సగం పాలుగానే మిగిలింది. ఆమె రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపి, ‘‘తోడుకోని పెరుగు నాకు పడదు నాయనా’’ అన్నారు. ఆ మాటలో శాస్త్రమున్నది.

భావప్రకాశం పెరుగును మంద, స్వాదు, స్వాద్వమ్ల, అమ్ల, అత్యమ్లములని ఐదు విధాలుగా విభజించింది. పాలవలె ఉండి, కొంచెమే చిక్కబడి, రుచి తేలనిది మందం. అది త్రిదోషాలను ప్రకోపింపజేసి, మంటను కలిగిస్తుందని చెప్పబడింది.

ఆధునిక రసాయనశాస్త్రం దృష్టిలో పాలు ఒక కొల్లాయిడ్. మన పాఠ్యపుస్తకాలలో దీని పేరు కాంజికాభం, అనగా గంజి వంటిది. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు ఉండే కణికలుగా తేలుతుంటుంది. వాటిపై ఋణ విద్యుదావేశం ఉండుటచే అవి ఒకదానినొకటి వికర్షించుకొని విడివిడిగా ఉంటాయి. తోడులోని సూక్ష్మజీవులు పాలచక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పి.హెచ్. 6.6 నుండి 4.6 వైపు దిగేకొలదీ ఆ ఆవేశం నశిస్తుంది. అప్పుడు కణికలు గొలుసులుగా కలిసి, వల అల్లుకొని, నీటిని, వెన్నను తమలో బంధిస్తాయి. అదే జెల్, అదే మన గడ్డపెరుగు. నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరున్నా గిన్నె వంచితే అది ఒలకకపోవడానికి కారణం ఈ వలయే.

నా పొరపాట్లు ఇప్పుడు తెలిశాయి. పాలు పూర్తిగా చల్లారాక తోడు వేశాను. మాటిమాటికీ గిన్నె కదిపి, అల్లుకుంటున్న వలను తెంపాను. తోడుకోకముందే ఫ్రిజ్‌లో పెట్టి సూక్ష్మజీవుల పనిని ఆపాను.

పాఠకులు ఈ పద్ధతి పాటించగలరు. పాలను బాగా కాచాలి. కాచినప్పుడు తేటలోని మాంసకృత్తులు కూడా కేసిన్‌కు అంటుకొని వల గట్టిపడుతుంది. 40 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు కలిపి, చలికాలంలో గిన్నెకు గుడ్డ చుట్టి, కదపకుండా ఉంచాలి. గరిటె పడిన చోట ఊరే తేటను పారబోయరాదు, అందులోనూ పోషకాలున్నాయి. రాత్రివేళ పెరుగు తినరాదన్న చరకుని నియమం మరువరాదు.

నాలుగవనాడు పెరుగు గడ్డకట్టింది. అమ్మగారు ఆ మధ్యాహ్నం మారు వడ్డించమని అడిగారు.