కంభం చెరువు దగ్గరే దిగడం మొదలుపెట్టు

శ్రీశైలం,
కార్తీక మాసం.

మనవరాలికి,

నీ ఉత్తరం అందింది. అంతకు ముందురోజే మీ నాయన ఫోన్ చేసి, "బాబాయ్, అది రాత్రి రెండింటిదాకా కంప్యూటర్ ముందు కూర్చొని విమానాలు దించుతోంది, నువ్వన్నా చెప్పు" అని మొర పెట్టుకున్నాడు. నిద్ర సంగతికి తర్వాత వస్తా. నాకు దిగులు పట్టించింది నువ్వు రాసిన ఒక్క వాక్యం. చెన్నై నుంచి వస్తూ, శంషాబాద్ ఇంకా 20 మైళ్లుందనగా 12 వేల అడుగుల మీదున్నాననీ, స్పీడ్ బ్రేక్ మొత్తం లాగి దించేశాననీ రాశావు. సంబరంగా రాశావు.

దించావు, మంచిదే. కానీ తల్లీ, అంత దగ్గరికొచ్చాక అంత ఎత్తులో నీకేం పని?

నీ ఉత్తరం చదివి మ్యాపు మీద రూళ్లకర్ర పెట్టి చూశా. చెన్నై నుంచి శంషాబాద్‌కు తిన్నగా గీత గీస్తే అది కంభం మీదుగా, ఇంచుమించు మన మల్లన్న గుడి మీదుగా పోతుంది. ఇక్కణ్నుంచి శంషాబాద్ సుమారు 75 నాటికల్ మైళ్లు. వెయ్యి అడుగులు దిగడానికి 3 మైళ్లు కావాలి. వేగం తగ్గించుకోడానికి ఓ 10 మైళ్లు విడిగా తీసి పెట్టు. మిగిలిన 65 మైళ్లలో 21 వేల పైచిలుకు అడుగులు దిగుతావు. శంషాబాద్ నేలే సముద్రమట్టానికి 2 వేల అడుగుల ఎత్తున ఉంది, అదీ కలుపు. అంటే శ్రీశైలం మీదికి వచ్చేసరికి నువ్వు 24 వేల అడుగులకు కాస్త కింద, ఇంజిన్లు ఐడిల్‌లో పెట్టుకొని జారుతూ ఉండాలి. పైన 34 వేల అడుగుల్లో వస్తున్నావనుకో, కంభం చెరువు కనపడగానే దిగడం మొదలుపెట్టాలి. రన్‌వేకి చుట్టు తిరిగి రావాల్సి ఉంటే ఆ మైళ్లూ కలుపుకో. ఈసారి ఆడేటప్పుడు కంభం మీద, శ్రీశైలం మీద, ఇంకో 30 మైళ్లుందనగా, మూడు చోట్లా నీ ఎత్తు ఎంతుందో కాగితం మీద రాసిపెట్టు. ఆ చివరి చోట 250 నాట్ల వేగంతో, నేలకు 10 వేల అడుగుల ఎత్తులో ఉన్నా కొంచెం పైనున్నట్టే లెక్క. అప్పుడే జాగ్రత్త పడాలి.

మీ తాత దోర్నాల ఘాటులో బస్సు దించడం నేను బానెట్ పక్కన కూర్చొని చూసేవాణ్ని. దిగుడు మొదలవకముందే గేరు మార్చేసేవాడు. బ్రేకు మీద కాలు ఊరికే అలా ఆనించి ఉండేది. మా వెనకొచ్చే లారీల నుంచి లైనింగ్ కాలిన వాసన వస్తే ముఖం చిట్లించి, "వీడు పైనే ఆలోచించుకోలేదురా" అనేవాడు. చదువుకోలేదు గానీ వాడి కాళ్లకు లెక్కలొచ్చు. నాకు ఎయిర్‌బస్ ఎ300లో ఫ్లైట్ ఇంజినీరు సీటు దొరికిందని చెప్పినప్పుడు వాడు మొదట అడిగిన ప్రశ్న, "దాన్నెట్లా దించుతార్రా?" అని. ఎట్లా లేపుతారని అడగలేదు.

ఆ మూడో సీట్లో నాకు దొరికిన కెప్టెన్లలో ఒకాయన ఉండేవాడు. మే నెలలో నేను బనగానపల్లె మామిడి బుట్ట తీసుకెళ్తే బేగంపేటలో దిగాక ఒకటి అక్కడే కోసుకు తినేవాడు. స్పీడ్ బ్రేక్ లీవర్ మీద చెయ్యి వెయ్యబోతూ ఆగి, నా వైపు తిరిగి, "ఈ ఎత్తుకు ఎంత ఇంధనం తగలేశాం?" అని అడిగేవాడు. నేను అంకె చెప్పగానే చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. అంత ఎత్తుకు ఎక్కడానికి కాల్చిన ఇంధనంలో కొంత దిగేటప్పుడు దూరంగా మారి తిరిగొస్తుంది తల్లీ. స్పీడ్ బ్రేక్ లాగి రెక్కల మీద పలకలు లేపితే దాన్ని గాలికి వదిలేసినట్టే. పైగా విమానం వణుకుతుంది. వెనక సీట్లలో ముసలివాళ్లు చేతిపిడి గట్టిగా పట్టుకుంటారు. నీ సిమ్యులేటర్‌లో వెనక ఎవరూ ఉండరు కాబట్టి నీకది తెలియడం లేదు.

నీ ఉత్తరంలో ఎక్కడా గాలి ఊసే లేదు. తోక గాలి ఉంటే ఇంకా ముందే మొదలుపెట్టాలి. నిండుగా ప్రయాణికులున్న విమానం ఖాళీ విమానం కంటే త్వరగా దిగిపోతుందని అందరూ అనుకుంటారు. నిజానికి అదే వేగంతో దించితే బరువైనదే ఎక్కువ దూరం జారుతుంది. మబ్బుల్లో ఇంజిన్ యాంటీ ఐస్ వేశావా, ఐడిల్‌లోనే కాస్త ఎక్కువ తోపు ఉంటుంది, దానికీ కొన్ని మైళ్లు కలుపు.

ఆ లీవర్ ముట్టుకోవద్దని నేననను. కంట్రోలర్ నిన్ను పైనే ఆపేసి ఆలస్యంగా వదిలితే, లాగు. అప్పుడు కూడా వేగం ఎక్కువగా ఉన్నప్పుడే లాగు, గాలి పట్టేది అప్పుడే. బాగా నెమ్మదించాక ఎంత లాగినా పెద్దగా పని చెయ్యదు. ఇంకొన్ని మైళ్లు చుట్టు తిప్పమని అడగడానికి మొహమాటపడొద్దు. నువ్వాడే ఎ320లో 250 నాట్ల లోపుకు వచ్చాక చక్రాలు దించినా బాగా నెమ్మదిస్తుంది.

ఇవేవీ సరిపోకపోతే మళ్లీ పైకి లేచిపో. ఈ మాట నువ్వు గుండెలో రాసుకోవాలి. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగుళూరుకొచ్చిన బోయింగ్ 737 ఇలాగే దిగడం ఆలస్యమై ఎత్తు మిగిలిపోయింది. స్పీడ్ బ్రేక్ లాగారు, చక్రాలు ముందే దించారు, అయినా పైనే ఉన్నారు. కో-పైలట్ లేచిపోదామని ఒకటికి రెండుసార్లు అన్నాడు. 8 వేల అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు దాటాక నేల తాకింది. కొండ అంచు దాటి పడిపోయింది. 158 మంది పోయారు. ఆ విచారణ నివేదిక చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు 20 మైళ్ల దగ్గర 12 వేల అడుగులని రాస్తే నాకు అదే గుర్తొచ్చింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

గాలిని అడ్డగించే రేకులు ఎంత ఇంధనం తింటాయో చూడాలంటే 1993 నవంబరు 15 గుర్తు చేసుకో. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ300 మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చింది. మసక వల్ల దిగలేక లేచిపోయింది. ఫ్లాపులు లోపలికి పోలేదు. అలాగే మద్రాసుకు తిరిగింది. ఇంధనం దారిలోనే అయిపోయి తిరుపతి దగ్గర పొలాల్లో దించారు. అందులో ఉన్న 262 మందీ బతికారు. ఆ వార్త వినగానే మీ జేజి, నేను ఆ విమానంలో లేనని తెలిసి కూడా, నా చెయ్యి పట్టుకొని చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు నిద్ర. రాత్రి పదకొండు దాటాక కంప్యూటర్ ముట్టొద్దు. నువ్వు 20 మైళ్ల దగ్గర పైన మిగిలిపోవడానికి సగం కారణం ఆ నిద్రలేమే. కళ్లు మండుతున్నాయని రాశావు, చదువుతుంటే నాకు బాధేసింది. రేపే కళ్ల డాక్టరు దగ్గరికి పో. పైలట్ మెడికల్‌లో కళ్లు కూడా చూస్తారు. శిక్షణ డబ్బుల గురించి మీ నాయనతో నేను మాట్లాడతా, నువ్వు వాడితో గొడవ పెట్టుకోవద్దు. వాడికి నీ మీద ప్రాణం, పైకి అరుస్తాడంతే.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ ఎత్తులు రాసిన కాగితాలన్నీ తీసుకురా, ఇద్దరం కూర్చొని చూద్దాం. వీలైతే ఒకరోజు ఓర్వకల్లు వెళ్లి విమానాలు దిగేది చూసొద్దాం. మీ జేజి నీకోసం అరిసెలు చేస్తానంటోంది. రాత్రి 9 తర్వాత మన్ననూరు దగ్గర అడవి గేటు మూసేస్తారు, కాబట్టి హైదరాబాద్‌లో పొద్దున్నే బయల్దేరండి.

నీ చిన్నతాత