పాఠం 14: సంతకానికి ముందు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ముందు అడగవలసిన విషయాలు చెప్పగలుగుతారు.
• కొన్ని మందులకూ గర్భనిరోధక పద్ధతులకూ గల సంబంధం వివరించగలుగుతారు.

14.1 బిలాస్‌పూర్ నేర్పిన పాఠం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ పెద్ద రైల్వే పట్టణం. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఆ పట్టణానికి దగ్గరలో 2014 నవంబరు 8న ప్రభుత్వ కుటుంబ నియంత్రణ శిబిరం జరిగింది. వాడకంలో లేని ఒక ఆస్పత్రి భవనంలో ఒకే సర్జన్ కొద్ది గంటల్లో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. నియమాల ప్రకారం ఒక బృందం రోజుకు 30కి మించి చేయరాదు. ఇంటికి వెళ్లిన స్త్రీలకు వాంతులు, కడుపునొప్పి మొదలయ్యాయి. వారిలో 13 మంది మరణించారు. శిబిరంలో ఇచ్చిన మాత్రలు కల్తీవని కొందరు, ఆపరేషన్ సమయంలో సోకిన సూక్ష్మజీవులే కారణమని మరికొందరు వాదించారు.

14.2 మీ హక్కు

దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇటువంటి శిబిరాలను మూడేళ్లలోగా ఆపివేయాలని ఆదేశించింది. ఆపరేషన్ వల్ల కలిగే ఫలితాలను స్థానిక భాషలో వివరించాలనీ, మనసు మార్చుకోవడానికి సుమారు గంట వ్యవధి ఇవ్వాలనీ చెప్పింది.

మీరు పరాయి రాష్ట్రంలో ఉంటే సమ్మతి పత్రం హిందీలో ఉండవచ్చు. చదవలేని కాగితం మీద సంతకం గాని, వేలిముద్ర గాని వేయకండి. “నాకు అర్థమయ్యేలా చెప్పండి” అని అడగండి. అది తప్పు కాదు.

14.3 మందుల సంగతి చెప్పండి

వాడుతున్న మందులన్నీ వైద్యునికి చూపించాలి. ఎందుకో గమనించండి.

(అ) క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫినిటోయిన్, కార్బమజెపిన్ వంటివి గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. ఈ మందుల వల్ల కాలేయం మాత్రలోని హార్మోన్లను త్వరగా విరిచేస్తుంది. రోజూ మాత్ర వేసుకున్నా గర్భం రావచ్చు. అందుకని నిరోధ్, కాపర్-టి వంటి వేరే పద్ధతిని గురించి అడగాలి. క్షయ మందును మాత్రం సొంతంగా మానరాదు.

(ఆ) ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సరుకు హార్మోను చికిత్స పొందే పురుషులకు వీర్యకణాలు తగ్గవచ్చు. అయినా దానినే గర్భనిరోధక పద్ధతిగా నమ్మరాదు. కొన్ని క్యాన్సర్ మందులు పుట్టబోయే బిడ్డకు హాని చేయగలవు. కాబట్టి చికిత్స జరుగుతున్నప్పుడూ, ఆ తరువాత ఎంత కాలమూ నిరోధ్ వాడాలో వైద్యుని అడగాలి.

(ఇ) ఆపరేషన్ తరువాత ఇచ్చిన మాత్రల పేర్లు రాసి ఇమ్మనండి. కాగితాన్నీ, మాత్రల అట్టనూ దాచుకోండి. జ్వరం, వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

14.4 భర్త బాధ్యత

కుటుంబ నియంత్రణ భార్య ఒక్కరి పని కాదు. పురుషుల ఆపరేషన్ అయిన వేసెక్టమీలో కడుపు కోయరు. అది ట్యూబెక్టమీ కంటే తేలికైనది. దాని వల్ల పురుషుని శక్తి తగ్గదు. అయితే ఆపరేషన్ తరువాత మూడు నెలలు నిరోధ్ వాడాలి. ఆ పైన వీర్య పరీక్ష చేయించుకోవాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. సమ్మతి పత్రం మీకు రాని భాషలో ఉంటే ఏం చేస్తారు?
2. క్షయ మందులు వాడుతున్న స్త్రీ గర్భనిరోధక మాత్రలను మాత్రమే నమ్ముకోవచ్చునా? ఎందుకు?
3. వేసెక్టమీ చేయించుకున్న మర్నాటి నుంచే నిరోధ్ మానవచ్చునా?

మీ జవాబులను పాఠంతో సరిచూసుకోండి. ఇంట్లో ఎవరైనా రోజూ వాడుతున్న మందుల పేర్లను ఒక కాగితం మీద తెలుగులో రాసి ఉంచండి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు దానిని వెంట తీసుకువెళ్లండి.