మురుగు తొట్టి కారకుండ కట్టుట

కంకిపాడు ప్రాంతమున ఇల్లు కట్టుకొనువారు గోడలపై, శ్లాబుపై చూపు శ్రద్ధను భూమిలో పోవు మురుగు గొట్టములపై చూపరు. గొట్టము మలుపు తిరుగు చోట, రెండు గొట్టములు కలియు చోట కట్టు తనిఖీ తొట్టిని మన మేస్త్రీలు చాంబరు అందురు. కాలువలకు కృష్ణనీరు వదలి చేలు నిండిన దినములలో భూగర్భజలము పైకి వచ్చి, పగుళ్లగుండ ఈ తొట్టిలోనికి ఊరును. మరుగుదొడ్డి నీరు వెనుకకు తన్నును. వేసవిలో ఊట దిగగనే తొట్టిలోని మురుగు మట్టిలోనికి ఇంకి పెరటి బావిని చేరును. 1955 చివర ఢిల్లీ నగరమున త్రాగునీటిలో మురుగు కలియగా వేలకొలది జనులు కామెర్ల పాలైరి. పెరటి బావి చెడుటకు అంత మురుగు అక్కరలేదు.

నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు బీటలువారును. కావున అడుగున ఇసుక పరచి, కాంక్రీటు వేసి, బాగుగ కాలిన ఇటుకతో కట్టవలెను. లోపలివలెనే వెలుపలను ఒకటికి మూడు పాళ్ల సిమెంటు పూత పూయించుడు. గుంత పూడ్చిన పిదప కనబడదు గదా యని దీనిని మానుట వాడుక. ఆ పొదుపు మంచిది కాదు. అన్నిటికంటె ఎక్కువగా కారునది గొట్టము గోడను దూరు చోటు. ఆ సందున చుట్టును సిమెంటు కూరి, వారము దినములు తడుపవలెను.

గుంత పూడ్చకముందే గొట్టపు మూతులను మూసి తొట్టిని నీటితో నింపుడు. గోడలు పీల్చుకొనిన పిదప మరల నింపి, మట్టమున గీత గీసి, కొన్ని గంటల తరువాత చూడుడు. నీరు దిగినచో వెలుపల తడిసిన చోటు వెదకి బాగుచేయించుడు.

మూత చట్రపు గాడిలో గ్రీజు నింపినచో దుర్వాసన, దోమలు వెలువడవు. మూతను సిమెంటుతో పూడ్చివేయరాదు. అడ్డుపడిననాడు పగులగొట్టవలసి వచ్చును. తెరచినను లోనికి ఎవరిని దింపరాదు. అందలి విషవాయువు ప్రాణము తీయును; రక్షణసాధనములు లేక మనిషిని మురుగులోనికి దింపి శుభ్రపరపించుటను 2013 నాటి చట్టము నిషేధించినది. వెదురుబద్దతో పైనుండియే పొడిచి అడ్డు తీయవచ్చును.