క్యారీ జాకబ్స్-బాండ్: బిట్లకు సరిపడా

అమెరికా గేయ స్వరకర్త. జననం 1862 ఆగస్టు 11, విస్కాన్సిన్ రాష్ట్రంలోని జేన్స్‌విల్. మరణం 1946 డిసెంబరు 28, హాలీవుడ్.

ప్రక్రియ: పార్లర్ సాంగ్. అంటే ఇంటి ముందుగదిలో పియానో దగ్గర పాడుకునే భావగీతం. రేడియోకు ముందు కాలం. పాట అమ్ముడుపోవడమంటే అచ్చువేసిన స్వరప్రతి అమ్ముడుపోవడమే.

1895లో భర్త డాక్టర్ ఫ్రాంక్ బాండ్ మరణం. తర్వాత షికాగో. గదులు అద్దెకిచ్చి, పింగాణీ పాత్రలపై బొమ్మలు వేసి కొడుకును పెంచారు. సొంత ప్రచురణ సంస్థ పెట్టారు. స్వరప్రతుల అట్టలపై అడవిగులాబీలు ఆమె గీసినవే. హక్కులూ లాభమూ తన దగ్గరే. నిజానికి ఆమె కథలో గొప్ప విషయం ఇదే, బిట్లలో మాత్రం అరుదు.

1901: ఏడు పాటల సంపుటి. ఇందులోనిదే 'ఐ లవ్ యు ట్రూలీ'.

తప్పక చూడండి: 'ఎ పర్ఫెక్ట్ డే' ప్రచురణ 1910. ప్రేరణ, 1909లో కాలిఫోర్నియాలోని రుబిడో కొండపై చూసిన సూర్యాస్తమయం. లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి.

తికమక: ఈ రెండింటికీ సాహిత్యం ఆమెదే. 'జస్ట్ ఎ-వేరియిన్ ఫర్ యు'కు బాణీ మాత్రమే ఆమెది. సాహిత్యం ఫ్రాంక్ స్టాంటన్‌ది. ఇద్దరు ఫ్రాంక్‌లు, జాగ్రత్త.

ఆత్మకథ: 'ది రోడ్స్ ఆఫ్ మెలొడీ', 1927.