వర్తుల ఆర్థిక వ్యవస్థ – దేశముల మధ్య సహకారము

ముడిపదార్థమును తవ్వి తీసి, వస్తువును తయారుచేసి, వాడి, చివరకు పారవేయు విధానము ఒక సరళరేఖ వంటిది. పాడైన వస్తువును బాగుచేసి, బాగుపడనిచో దానిలోని పదార్థమును వెలికితీసి మరల ఉత్పత్తికి మళ్ళించు విధానము వలయము వంటిది. ఈ రెండవదానినే వర్తుల ఆర్థిక వ్యవస్థ అని పిలుచుచున్నారు. పేరు కొత్తదే గాని, ఆచరణ మన కల్వకుర్తి ప్రాంతమునకు కొత్తది కాదు.

ఈ మెట్ట పల్లెలలో పశువుల పెంట పొలమునకు ఎరువయ్యెడిది. నూనె తీయగా మిగిలిన పల్లిచెక్క పశువులకు దాణా అయ్యెడిది. కందికట్టె పొయ్యిలోనికి, చినిగిన చీర బొంతలోనికి పోయెడివి. అరిగిన నాగటి కర్రును కమ్మరి కొలిమిలో కాచి మరల సాగగొట్టెడివాడు. ఇందులో ఆదర్శము కంటె అవసరమే ఎక్కువ. అయినను ఆ వలయము ఊరి పొలిమేర దాటకుండనే పూర్తయ్యెడిది. వస్తువు పుట్టిన చోటు, వాడిన చోటు, దానిని బాగుచేయు చేయి దగ్గరదగ్గరగా ఉండుటయే అందుకు కారణము.

నేడు మన చేతిలోని సెల్‌ఫోను సంగతి వేరు. బ్యాటరీలలో వాడు కోబాల్టులో అధికభాగము ఆఫ్రికాలోని కాంగో గనులది. లిథియము ఆస్ట్రేలియా, చిలీ వంటి దేశములది. ఈ లోహములను శుద్ధి చేయు పని ఎక్కువగా చైనాలో జరుగుచున్నది. అట్టి ఫోను కల్వకుర్తిలో పాడైనచో, దానిలోని లోహమును తీయగల కొలిమి మన ఊరిలో లేదు. వస్తువు ప్రపంచమంతట తిరిగి వచ్చినది గనుక, దాని వలయము కూడ ప్రపంచమంత విశాలము కావలసి ఉన్నది. దేశముల మధ్య సహకారము అవసరమగుట ఇందువలననే.

2022లో ప్రపంచమున 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు పోగుపడగా, సక్రమముగా సేకరించి పునర్వినియోగమునకు మళ్ళించినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతము మాత్రమే. బోర్డులను బహిరంగముగా కాల్చి, ఆమ్లములో ముంచి లోహమును తీయు చోట్ల విషపు పొగయు, సీసపు ధూళియు వ్యాపించును. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. సంపన్నుడు పారవేసిన వస్తువు పేదవాని ఇంట రోగమైనచో దానిని వలయమని చెప్పుట న్యాయము కాదు.

ఈ అన్యాయమును ప్రపంచము ఆలస్యముగానైనను గుర్తించినది. 1988లో ఇటలీ నుండి వచ్చిన విషవ్యర్థములు నైజీరియాలోని కోకో రేవులో బయటపడి పెద్ద అలజడి కలిగించినవి. మరుసటి సంవత్సరమే, 1989 మార్చిలో, బాసెల్ ఒప్పందము కుదిరినది. 1992లో అది అమలులోనికి వచ్చినది; ఆ సంవత్సరమే భారతదేశము అందులో చేరినది. ముందుగా తెలిపి సమ్మతి పొందనిదే ప్రమాదకర వ్యర్థములను మరియొక దేశమునకు పంపరాదనుట దాని సారాంశము. 2025 జనవరి 1 నుండి ఈ నియమము ఎలక్ట్రానిక్ వ్యర్థములన్నింటికిని వర్తించుచున్నది.

నిషేధము సహకారమునకు తొలిమెట్టు మాత్రమే. కలిసి నిర్మించుట రెండవ మెట్టు. 2020 జూలైలో భారతదేశము, ఐరోపా సమాఖ్య ఈ విషయమున సంయుక్త ప్రకటన చేసినవి. 2023 జూలైలో, జి-20 సమావేశముల సందర్భమున, చెన్నైలో 39 కంపెనీలతో ఒక పారిశ్రామిక కూటమి ఏర్పడినది. 2025 మార్చిలో ఆసియా, పసిఫిక్ దేశముల సదస్సు జైపూరులో జరిగినది. హైదరాబాదులోని సి-మెట్ పరిశోధన సంస్థ సర్క్యూట్ బోర్డుల నుండి లోహములను తీయు సాంకేతిక విధానమును రూపొందించినది. అనగా ఈ సహకారమున మనము కేవలము పుచ్చుకొనువారము కాము. ఇచ్చువారము కూడ కాగలము.

అయితే ప్రకటన సులభము, త్యాగము కష్టము. ప్లాస్టిక్ కాలుష్యముపై ఒప్పందము చేసికొనవలెనని 2022 మార్చిలో నైరోబీలో దేశములు తీర్మానించినవి. కాని 2025 ఆగస్టులో జెనీవా చర్చలు ఒప్పందము కుదరకయే ముగిసినవి. ఉత్పత్తినే తగ్గింపవలెనని కొన్ని దేశములు, వ్యర్థముల నిర్వహణ చాలునని మరికొన్ని దేశములు పట్టుబట్టినవి. కుండకు చిల్లి ఉండగా క్రింద నేల తుడుచుట వలన ప్రయోజనమేమి?

మా అభిప్రాయమున ఈ సహకారమునకు మూడు గీటురాళ్ళు కలవు. వస్తువును అమ్మినవాని బాధ్యత సరిహద్దు దాటగనే తీరిపోరాదు. వ్యర్థముతో పాటు దానిని శుద్ధి చేయు విద్య కూడ పేద దేశములకు అందవలెను. వీధివీధి తిరిగి పాత సామాను ఏరుకొను కూలీకి ఆ వ్యవస్థలో రక్షణ, తగిన ప్రతిఫలము ఉండవలెను. మన దేశమున 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు ఉత్పత్తిదారునిపై బాధ్యత మోపినవి. ఆ బాధ్యత కల్వకుర్తి పాత సామాను కొట్టు వరకు చేరిన నాడే అది సార్థకమగును. పాడైన ఫోనును చెత్తకుప్పలో వేయక, గుర్తింపు పొందిన సేకరణ కేంద్రమునకు చేర్చుట విద్యార్థులమైన మన వంతు.