నాలుక మీది కంచె

పొన్నూరు

అబ్బాయీ,

మొన్న ఉగాదినాడు చెల్లాయి ఒక్క చెంచా వేపపూత పచ్చడికే మొహం ముడుచుకుంటే, నువ్వు గిన్నెడూ గటగటా తాగేశావు. అందరూ నవ్వారు. ఆ ఊపులో "నాకు బీరు కూడా చేదనిపించదు, ఎన్నైనా లాగించేస్తా" అన్నావు చూడు, ఆ మాట దగ్గర మీ పెదనాన్నకు నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

1931లో అమెరికాలో, డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక పొడిని సీసాలో పోస్తుంటే కాస్త గాల్లోకి లేచింది. పక్కనున్నాయన చేదు చేదని గోలపెట్టాడు. ఫాక్స్‌కేమో ఏ రుచీ తగల్లేదు. ఇద్దరూ వాదులాడుకుని, ఆ పలుకులే నాలుక మీద వేసుకుని చూశారు. అప్పుడూ అంతే! ఆ పొడి పేరు పీటీసీ. ఈ తేడా వంశపారంపర్యంగా వస్తుందని త్వరలోనే తేలింది. దానికి ముఖ్య కారణమైన టీఏఎస్2ఆర్38 జన్యువు మాత్రం 2003లో గాని దొరకలేదు.

మద్యానికి సహజంగానే చేదూ మంటా ఉంటాయి. చేదు గట్టిగా తగిలేవాడు మొదటి గుక్కకే గ్లాసు పక్కన పెడతాడు. ఆ జన్యువులో చేదు పట్టని రూపాన్ని తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా అందుకున్నవాళ్లు ఎక్కువ తాగుతున్నట్టు 2004లో అమెరికా పరిశోధకులు గమనించారు. 2006లో సెయింట్ లూయిస్‌ శాస్త్రవేత్తలు తాగుడు సమస్య ఉన్న కుటుంబాలను పరిశీలించి, టీఏఎస్2ఆర్16 అనే మరో చేదు జన్యువుకూ మద్య వ్యసనానికీ లంకె చూపించారు.

అలాగని ఒక్క వేపపూతతో నీ జాతకం తేలిపోదు. చేదును పసిగట్టే గ్రాహకాలు మనిషికి సుమారు 25 రకాలు. తాగుడుకు ఇంటి అలవాట్లు, స్నేహాలు, దిగుళ్లు, చేతికందే దూరంలో దుకాణం, ఇలా ఎన్నో కారణాలు. పైగా చేదు తెలిసినవాళ్లంతా తాగకుండా ఉన్నారా? అదే నిజమైతే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడాల్సిన పనేముంది? ఆ పోరాటంతో 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లకే రెండోది సడలింది.

అందుకే మీ పెదనాన్న అడిగేది చిన్నదే. చేదు తెలియకపోవడాన్ని కెపాసిటీ అనుకోకు, దాని మీద పందేలు కాయకు. నాలుక వద్దనకపోతే ఆ పని నువ్వే చెయ్యాలి. మన ఇంట్లో తాగుడుతో చితికినవాళ్లు ఎవరో నీకు తెలుసు. ఇప్పటికే మానలేకపోతున్నట్టు అనిపిస్తే దాచుకోకు. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి, లేదా మీ పెదనాన్నకే చెయ్యి. తిట్టడు.

వచ్చే ఆదివారం నిడుబ్రోలు స్టేషన్లో దిగు. పెద్దమ్మ కాకరకాయ కారం చేస్తానంటోంది. చెల్లాయికి మాత్రం బెల్లం వేసి విడిగా వండుతుందట.

ఇట్లు,
మీ పెదనాన్న