జీతం బదులు జిల్లాలు: నిజాం దర్బారులో ఫ్రెంచి, ఇంగ్లిషు ప్రతినిధులు

(అవగాహన: పోటీ పరీక్షల ప్రత్యేకం)

ఉత్తర సర్కారుల మీద ప్రశ్న పడితే మన పిల్లలు నాలుగు తేదీలు రాసి వస్తారు: 1753, 1759, 1766, 1788. తేదీల్లో తప్పుండదు. కానీ ఒక రాజు దర్బారులో ఇంకో దేశం తరఫున కూర్చుని ఆ తేదీలను నడిపించిన మనిషి జవాబులో ఎక్కడా కనబడడు. మార్కులు పోయేది అక్కడే.

మామిడికుదురులో పుస్తకం ముందేసుకున్న విద్యార్థికి పారిస్‌, లండన్‌, హైదరాబాద్‌ దూరపు ఊళ్లు. కానీ ఆ ఊళ్ల మధ్య నడిచిన రాయబారాల్లో బేరానికి పెట్టింది మన కాళ్ల కింది నేలనే. వైనతేయకూ వశిష్ఠకూ నడుమనున్న ఈ పల్లెలన్నీ అప్పుడు రాజమహేంద్రవరం సర్కారులోవి. అందుకే ఈ పాఠాన్ని ఇక్కడి నుంచే మొదలుపెడదాం.

మాటల అర్థం ముందు తెలియాలి

రాయబారం మనకు కొత్త మాట కాదు. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలు తెల్లవార్లూ ఆడిన ఊళ్లు మనవి. అక్కడ కృష్ణుడు వచ్చి మాట చెప్పి వెళ్లిపోతాడు. పాత రాయబారం అంతే, పని ముగిస్తే తిరుగు ప్రయాణం.

మొగలాయి కాలంలో ఒక ప్రభువు ఇంకొకరి దగ్గర నిలకడగా ఉంచే మనిషిని వకీలు అనేవారు. ఇప్పుడు కోర్టులో మన తరఫున మాట్లాడే లాయరును అంటున్నాం. తరఫున మాట్లాడడమనే మూలార్థం మాత్రం చెదరలేదు. రెండు భాషలు తెలిసి బేరం కుదిర్చేవాడు దుబాసీ. ఇక రెసిడెంట్‌ అంటే కాపురం ఉండేవాడని అర్థం. ఈస్టిండియా కంపెనీ తన ప్రతినిధికి రాయబారి అన్న పెద్ద హోదా ఇవ్వకుండా ఈ చిన్న మాట పెట్టింది. వచ్చి వెళ్లేవాడికీ వచ్చి ఉండిపోయేవాడికీ ఉన్న తేడాలోనే రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

ఏ ప్రతినిధి గురించి చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇతన్ని పంపింది ఎవరు? ఖర్చు పెట్టుకునేది ఎవరు? వద్దనుకుంటే పంపేయగలరా? రెండో ప్రశ్నను మన పాఠ్యపుస్తకాలు పెద్దగా పట్టించుకోవు. నా దృష్టిలో అసలు తాళంచెవి అదే.

బుస్సీ: మొదటి చెల్లింపు మన సర్కారులు

1751లో నిజాం ముజఫర్‌జంగ్‌ చనిపోయినప్పుడు దక్కన్‌ గద్దె మీద సలాబత్‌జంగ్‌ను కూర్చోబెట్టింది ఫ్రెంచి సేనాని బుస్సీ. పుదుచ్చేరిలోని ఫ్రెంచి గవర్నర్ల తరఫున అతడు 1758 వరకు నిజాం వెంటే ఉన్నాడు. సైన్యం అతనిదే, సలహా అతనిదే.

ఆ సైన్యానికి జీతాలు ఎవరివ్వాలి? నిజాం ఖజానాలో డబ్బు లేదు. 1753లో కొండపల్లి (ముస్తఫానగర్‌), ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను సలాబత్‌జంగ్‌ ఫ్రెంచివారికి రాసిచ్చాడు. గుంటూరు ఇందులో లేదు. పరీక్షలో పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అంటే గోదావరి మాగాణి శిస్తు హైదరాబాదులోని ఫ్రెంచి సైనికుడికి జీతమైంది. ఈ వాక్యం జవాబులో ఉంటే మీకు విషయం అర్థమైందని దిద్దేవారికి తెలుస్తుంది.

ఆ శిస్తుల వ్యవహారం చక్కబెట్టడానికి వచ్చినప్పుడే 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. ఐరోపాలో ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య 1756లో మొదలైన సప్తవర్ష సంగ్రామం 1757లో మన ఏటిగట్లకూ చేరింది. ఇంజరం, మాధవాయపాలెం, బెండమూర్లంక ఇంగ్లిషు వర్తక స్థావరాలను బుస్సీ పట్టుకున్నాడు. బెండమూర్లంక మనకు ఎంత దూరమని! వైనతేయ దాటి అల్లవరం వైపు వెళితే వచ్చే ఊరు. ఐరోపా యుద్ధం కోనసీమకు వచ్చిందనడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

1758లో ఫ్రెంచి సేనాధిపతి లాలీ బుస్సీని వెనక్కి పిలిచాడు. దర్బారులో ఫ్రెంచి మాట పలికేవాడు లేకుండా పోయాడు. అదే ఏడాది డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఇంగ్లిషు కర్నల్‌ ఫోర్డ్‌ ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది. ఫ్రెంచివారికి సాయంగా సైన్యంతో బయలుదేరిన సలాబత్‌జంగ్‌ అప్పటికి దగ్గర్లోనే ఉన్నాడు. అయినా మే 14న ఇంగ్లిషువారితో ఒప్పందం చేసుకున్నాడు. మచిలీపట్నం, నిజాంపట్నం వారికి ఇచ్చాడు, ఫ్రెంచివారిని ఇక కొలువులో ఉంచుకోనని మాట కూడా ఇచ్చాడు. ఎవరిని కొలువులో పెట్టుకోవాలో పరాయివాడు చెప్పడం అక్కడ మొదలైంది.

పారిస్‌లో సుబేదారు, బీదరులో ఖైదీ

1763 ఫిబ్రవరి 10న కుదిరిన పారిస్‌ ఒప్పందాన్ని ప్రపంచ చరిత్రలో భాగంగా చదివి వదిలేస్తాం. దాని 11వ అధికరణంలో మన సంగతి ఉంది. దక్కన్‌కు న్యాయమైన సుబేదారు సలాబత్‌జంగ్‌ అనీ, కర్ణాటక నవాబు మహమ్మద్‌ అలీ అనీ ఇంగ్లండు, ఫ్రాన్సు రెండూ ఒప్పుకున్నాయి.

సంతకాలు పడే నాటికి సలాబత్‌జంగ్‌ సుబేదారే కాదు. 1762లోనే తమ్ముడు నిజాం అలీఖాన్‌ అతన్ని దించి బీదరు కోటలో ఖైదు చేశాడు. 1763 సెప్టెంబరులో అతడు అక్కడే మరణించాడు. ఉత్తరం ఓడలో నెలల తరబడి నడిచే కాలం అది. ఎవరు గద్దె మీద ఉన్నారో సరిగా తెలియని రెండు ప్రభుత్వాలు, ఆ గద్దె ఎవరిదో సముద్రాల అవతల తీర్మానించాయి. దక్కన్‌ మనిషి ఒక్కడూ ఆ గదిలో లేడు. దర్బారులో నిలకడగా ఒక ప్రతినిధి ఉండాలని కంపెనీ తర్వాత ఎందుకంత పట్టుబట్టిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

యానాం ఫ్రెంచివారి చేతిలో మిగలడానికీ ఈ ఒప్పందమే ఆధారం. ఓడిన పక్షానికి వర్తక స్థావరాలు తిరిగి దక్కాయి, రాజకీయ బలం దక్కలేదు.

జోగిపంతులు రాయబారం

1765 ఆగస్టు 12న మొగల్‌ చక్రవర్తి రెండో షా ఆలం దగ్గర క్లైవు ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించాడు. బెంగాల్‌ దివానీ తేదీ కూడా అదే, రెండూ కలిపి గుర్తుపెట్టుకోండి. చక్రవర్తి కాగితం ఇచ్చాడు గానీ నేల నిజాం అలీఖాన్‌ది. అతడు ఒప్పుకోలేదు.

అతన్ని ఒప్పించే పనిలో మదరాసు కంపెనీకి తోడ్పడినవాడు తెలుగు దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు. 1766 నవంబరు 12న హైదరాబాదులో ఒప్పందం కుదిరింది. సర్కారులకు బదులుగా కంపెనీ నిజాంకు ఏటా 9 లక్షల రూపాయలు ఇవ్వాలి, అవసరమైతే సైన్య సహాయం చేయాలి. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్‌జంగ్‌ బతికున్నంత కాలం అతనిదే.

ఇంగ్లిషు పేర్లన్నీ బట్టీపట్టి జోగిపంతులు పేరు వదిలేయడం అన్యాయం. అతని పనిని మెచ్చుకోవాలని నేననను. మన నేల మీద కంపెనీకి పట్టు దొరికిన ఒప్పందంలో అతని చేయి ఉంది. కానీ రెండు పక్షాల మనసూ తెలిసి, రెండు దర్బారుల మర్యాదా తెలిసిన మనిషి లేకుండా ఆ రోజుల్లో ఏ రాయబారమూ నడవలేదు.

1779: మొదటి ప్రతినిధి

జాన్‌ హాలండ్‌ను 1779లో హైదరాబాదుకు పంపింది మదరాసు గవర్నర్‌ రంబోల్డ్‌. పని కష్టమైనది. నిజాంకు చెప్పకుండానే మదరాసువారు బసాలత్‌జంగ్‌తో గుంటూరు గురించి ఒప్పందం చేసుకున్నారు. ఆ కోపం చల్లార్చాలి, పైగా సర్కారుల కోసం ఏటా ఇవ్వాల్సిన సొమ్మును (పేష్కస్‌ను) మాఫీ చేయమని అడగాలి.

నిజాం మండిపడ్డాడు. ఆ సంగతిని హాలండ్‌ దాచకుండా కలకత్తాకూ రాశాడు. తమను దాటి రాశాడని మదరాసు అతన్ని పక్కన పెట్టింది. కలకత్తాలో గవర్నర్‌ జనరల్‌ వారన్‌ హేస్టింగ్స్‌ అతన్ని తన ప్రతినిధిగా అక్కడే నిలిపాడు. అప్పటినుంచి హైదరాబాదు ప్రతినిధి మదరాసు చెప్పుచేతల్లోంచి బయటపడ్డాడు. పంపింది ఎవరన్న మొదటి ప్రశ్న ఎందుకు ముఖ్యమో ఇక్కడ తేలిపోతుంది. మనిషి మారలేదు, దర్బారు మారలేదు, యజమాని మారాడు. రెసిడెన్సీ వ్యవస్థ అలా నిలదొక్కుకుంది.

1782లో బసాలత్‌జంగ్‌ పోయినా నిజాం గుంటూరును వదల్లేదు. 1788లో కారన్‌వాలిస్‌ పంపిన జాన్‌ కెన్నవే దాన్ని రాబట్టాడు. నిజాం పక్షాన కలకత్తాకు వెళ్లిన వకీలు మీర్‌ ఆలం. హైదరాబాదులో చెరువుకు పేరున్న మీర్‌ ఆలం ఇతడే. 1804లో ఇంగ్లిషువారి అండతో దివాన్‌ అయ్యాడు. రెండు వైపులా ప్రతినిధులు ఉండడం ఒక సమానత్వమే. అది ఎక్కువ కాలం సాగలేదు.

రెండో చెల్లింపు: దత్త మండలాలు

1795లో ఖర్డా దగ్గర మరాఠాలు నిజాంను ఓడించారు. ఇంగ్లిషువారు తటస్థంగా నిలబడ్డారు. మనసు విరిగిన నిజాం ఫ్రెంచి సేనాని రేమండ్‌ దళాన్ని 14 వేల దాకా పెంచాడు. మూసారాంబాగ్‌ పేరులో ఉన్న ‘మూసారాం’ ఈ రేమండే. 1798 మార్చిలో అతడు చనిపోయాడు.

ఆ ఖాళీని రెసిడెంట్‌ జేమ్స్‌ అకిలీస్‌ కిర్క్‌పాట్రిక్‌ వాడుకున్నాడు. 1798 సెప్టెంబరు 1న సైన్య సహకార ఒప్పందం జరిగింది. ఆరు కంపెనీ పటాలాలు, వాటికి నిజాం ఏటా ఇవ్వాల్సింది 24,17,100 రూపాయలు. అక్టోబరు 22న ఫ్రెంచి దళం ఆయుధాలు కింద పెట్టింది. బుస్సీతో మొదలైన పోటీ ఆ రోజుతో సరి.

1800 అక్టోబరు 12 ఒప్పందంతో, మైసూరు యుద్ధాల్లో తనకు వచ్చిన సీమను నిజాం సైన్యం ఖర్చు కింద కంపెనీకి ఇచ్చేశాడు. మన దత్త మండలాలు అవే. బుస్సీ జీతానికి గోదావరి సీమ, కంపెనీ పటాలాల జీతానికి రాయలసీమ. సైన్యం ఎవరిదైనా పద్ధతి ఒకటే.

అదే ఒప్పందంలోని 15వ షరతును గుర్తుపెట్టుకోండి. కంపెనీకి తెలియజేసి సంప్రదించకుండా నిజాం ఇక ఏ ఇతర రాజ్యంతోనూ సంప్రదింపులు జరపకూడదు. గద్దె ఉంది, టంకశాల ఉంది, దర్బారు ఉంది. ఇంకొకరికి స్వేచ్ఛగా ఒక మాట పంపే హక్కు పోయింది. నిజాం సార్వభౌమత్వం పోయిన ఏడాది ఏదంటే 1857 కాదు, 1948 కాదు, 1800 అంటాను.

కిర్క్‌పాట్రిక్‌ పేరు వినగానే ఖైరున్నీసాతో అతని పెళ్లి కథ గుర్తొస్తుంది. కథ నిజమే, కానీ పరీక్షకు కావలసింది అతను కట్టించిన కోఠీ రెసిడెన్సీ భవనం. తర్వాత అది మహిళా కళాశాల అయింది. 1857 జులై 17న తుర్రెబాజ్‌ఖాన్‌, మౌల్వీ అల్లావుద్దీన్‌ నాయకత్వంలో దాడి జరిగింది దాని మీదే.

మన సర్కారుల లెక్క 1823లో తెగింది. ఒకేసారి 1,16,66,666 రూపాయలు ఇచ్చి కంపెనీ ఆ పేష్కస్‌ బాధ్యత వదిలించుకుంది. 1853లో ఇంగ్లిషు అధికారులు నడిపిన కంటింజెంట్‌ సైన్యం బాకీ కింద బేరారు వెళ్లింది. అది మూడో చెల్లింపు. బేరారు తిరిగి ఇవ్వమని అడుగుతూ తాను సమానుణ్నన్న నిజాంకు 1926 మార్చి 27న వైస్రాయి రీడింగ్‌ రాసిన లేఖ, ఇంగ్లండు రాచరికానిదే పైచేయి అని తేల్చిచెప్పింది. సర్వాధిపత్య సిద్ధాంతం మీద ప్రశ్న వస్తే ఈ లేఖ తప్పనిసరి.

మళ్లీ ప్రతినిధులు: 1947–48

1947 ఆగస్టు 15తో సర్వాధిపత్యం పోయింది, రెసిడెంట్‌ వెళ్లిపోయాడు. నవంబరు 29న కుదిరిన యథాతథ ఒప్పందం ప్రకారం ఢిల్లీలో హైదరాబాదుకు, హైదరాబాదులో భారత ప్రభుత్వానికి ఏజెంట్లు ఉండాలి. భారత ఏజెంట్‌ జనరల్‌గా కె.ఎం. మున్షీ వచ్చారు. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13 నుంచి 17 వరకు భారత సైనిక చర్య జరిగింది. ఆ మధ్యలోనే, 16న, పారిస్‌లో మండలి ఆ ఫిర్యాదును చేపట్టింది. 1763లో లేని దక్కన్‌ మనిషి ఈసారి పారిస్‌లో ఉన్నాడు, మాట్లాడాడు. అప్పటికే సమయం మించిపోయింది. 22న నిజాం ఫిర్యాదు ఉపసంహరించుకున్నాడు.

సెప్టెంబరు 20న నిజాం ప్రతినిధి మొయిన్‌ నవాజ్‌జంగ్‌ లండన్‌ బ్యాంకులోని సుమారు 10 లక్షల పౌండ్లను పాకిస్తాన్‌ హైకమిషనర్‌ రహీంతులా ఖాతాకు మార్చాడు. అది తన ఆజ్ఞ లేకుండా జరిగిందని నిజాం అన్నాడు. పంపిన రాజ్యం కూలిపోయాక ప్రతినిధి సంతకానికి విలువెంత? ఆ ప్రశ్న 71 ఏళ్లు నడిచింది. 2019 అక్టోబరు 2న, వడ్డీతో సుమారు 3.5 కోట్ల పౌండ్లయిన ఆ సొమ్ము నిజాం తరఫువారిదని, అంటే భారత్‌దీ ఇద్దరు వారసులదీ అని లండన్‌ హైకోర్టు తీర్పు చెప్పింది.

ఇప్పటి వాడుక

దౌత్య సంబంధాలపై వియన్నా ఒప్పందం 1961లోది, కాన్సులర్‌ సంబంధాలపై 1963లోది. ప్రభుత్వంతో ప్రభుత్వం మాట్లాడేది ఎంబసీ. కామన్వెల్త్‌ దేశాల మధ్య దాన్నే హైకమిషన్‌ అంటారు. కాన్సులేట్‌ మన పౌరుల పనులు చూస్తుంది. అబుదాబిలో మన ఎంబసీ, దుబాయిలో కాన్సులేట్‌. కువైట్‌లోనూ మస్కట్‌లోనూ ఎంబసీలే. కోనసీమ ఇళ్లలో గల్ఫ్‌కు వెళ్లిన మనిషి లేని వీధి తక్కువ. పాస్‌పోర్టు పోయినా, జీతం ఆగినా ఎవరి తలుపు తట్టాలో ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. ఈ భాగం పరీక్ష కోసం మాత్రమే చదివేది కాదు.

రాసి చూడండి

‘1753, 1800, 1853 ఒప్పందాల్లో పరాయి సైన్యపు ఖర్చు ఏ ప్రాంతం భరించింది? కారణాలతో రాయండి.’ ఈ ప్రశ్నకు పటం పక్కన పెట్టుకుని రెండు పేజీల జవాబు రాయండి. మొదటి పేరాలో రాజమహేంద్రవరం సర్కారు పేరు రావాలి.